పదోసారి

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
జిరాక్స్ మిషన్ మూత తెరుస్తూ మూస్తుంటే
ఒక సినిమా మనిషొచ్చి నా ముఖం చూడలె,
నడక చూసిండు.
"హీరోయిన్‌కు ఖిల్లా మెట్లంటే భయం.
వెనకనుంచి అచ్చం నీ లెక్కనే ఉంటది."

పసుపు చుడీదార్, సవరం, ఎనిమిది వందలు.
మోచేతి మీద గంజి కాలిన మచ్చను
మేకప్పాయన ఐదు నిమిషాల్ల మాపిండు,
అమ్మ ఏడాది పసరు పూసినా పోని మచ్చను.
డైరెక్టర్ ఒక్కటే చెప్పిండు:
"ఎవరో పిలిచినట్టు ఆగు.
తిరిగి మాత్రం చూడకు."
తొమ్మిదిసార్లు ఆగిన.
తొమ్మిదిసార్లూ ఎవరూ పిలవలె.

ఇంట్ల నేను సైదమ్మను.
జాన్‌పహాడ్ దర్గకు మొక్కితే పుట్టిననంట.
బడిల సారు "గిదేం పేరే" అని
సంహిత అని రాసుకున్నడు.
ఆధార్‌ల ఒకటి, మెమోల ఒకటి.
రెండూ నేనే అని అఫిడవిట్ రాయించుకోని
దాని జిరాక్స్ కూడ నేనే తీసుకున్న.

ఏడాదికి బొమ్మ పడ్డది.
అమ్మను తీస్కొని నల్లగొండ పోయిన.
తెర మీద పిల్ల అద్దానికి దుప్పటి కప్పుతది,
తన చేతిరాత తనది కాదంటది,
నడిరాత్రి ఎవలెవలికో ఫోన్ చేసి
"నేనెట్లుంటనో జర చెప్పుర్రి" అంటది.
హాలంత ముక్కు చీదుతున్నది.
అప్పుడొచ్చినయి మెట్లు.
ఎక్కుతున్నది నేను.
ఆగిన.
అంటే, ఆగింది.
తిరిగిన ముఖం ఆమెది. కన్నీళ్లు ఆమెవే.

అమ్మ పల్లీలు నములుడు ఆపి
"గా పిల్ల ఎడమకాలు ఈడ్సి ఏస్తది,
మా చెల్లె తీరు" అన్నది.
నా దిక్కు చూడలె.
ఆఖర్ల పేర్లు పైకి పోయినయి.
సైదమ్మ లేదు, సంహిత లేదు.
కుక్కను తెచ్చినాయన పేరుంది.

అప్పటిసంది
బజార్ల ఎవలన్న పిలిస్తే ఆగుత.
తిరగబుద్ధి కాదు.
ఏ ముఖం వస్తదో అని.

మొన్న ఐతారం ఒక్కదాన్నే ఖిల్లా ఎక్కిన.
గా మెట్టు మీదనే ఆగిన.
తిరిగిన.
కింద మట్టిల కెమెరా మూడు కాళ్ల గుంతలు,
వాటి నిండ వాననీళ్లు.
సీతాఫలం పొదల కాడ మేకల పిల్లగాడు
"ఎవలక్కా నువ్వు?" అన్నడు.
నోరు తెరిసిన.
రెండు పేర్లూ గొంతుల ఒకదానికొకటి తట్టుకున్నయి.
వాడు కొద్దిసేపు చూసి,
దూరం పోతున్న మేకను పేరు పెట్టి పిలిసిండు.
అది టక్కున తిరిగింది.