యాభై రెండు అడుగులు

డ్యూటీ బల్ల నుంచి పద్నాలుగో గది దాకా
యాభై రెండు అడుగులు.
నావి పొట్టి అడుగులు. ఆ రాత్రి కాపలా ఉన్న బోవెన్‌కి
నలభై కూడా పట్టవు.
ఒకసారి నెమ్మదిగా, ఒకసారి పరుగులాంటి నడకతో
రెండుసార్లు కొలిచాను.
మధ్యలో రెండు గేట్లు, తాళానికి నాలుగేసి సెకన్లు.
ఎలా లెక్కేసినా నిమిషం దాటదు.

కెస్టర్ హోల్‌రాయిడ్, ఇరవై రెండేళ్లు,
గంట నొక్కింది రెండూ నలభై ఏడుకి.
తలుపు తెరుచుకుంది మూడూ ముప్ఫై ఒకటికి.
పిడికిట్లో ఖాళీ ఇన్‌హేలర్.

మిగిలిన ఆ నలభై మూడు నిమిషాలే
నా ఉద్యోగం.

థార్న్‌బెక్ జైల్లో పాస్టరు గది నాకిచ్చారు.
కిటికీ అవతల తడిసిన గొర్రెలు,
గాలి ఎటు మళ్లితే అటు వీపు తిప్పుతూ.
ఒక్కొక్కరే వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.
అందరి చేతుల్లోనూ టీ కప్పులు.
ఒక్కరూ తాగలేదు.

రిజిస్టరు తీశాను.
పన్నెండు, ఒంటిగంట, రెండు, మూడు.
గంటకో టిక్కు. ఒకే వాలు, ఒకే సిరా.
నాలుగు గంటలకీ ఉంది టిక్కు,
పక్కన "ఖైదీ నిద్రలో ఉన్నాడు" అని.
అప్పటికి అతని ముఖం మీద దుప్పటి కప్పి
పావుగంటయింది.

బోవెన్‌ని ఏమీ అడగలేదు.
పుస్తకాన్ని అతని వైపు తిప్పాను, అంతే.
చాలాసేపు చూశాడు.
"నూట ఎనభై మందికి ఇద్దరం" అన్నాడు.
అది నిజం. టిక్కు అబద్ధం.
రెంటినీ ఒకే పేరాలో ఇమడ్చాలి నేను,
ఒకదాని కింద ఇంకొకటి నలగకుండా.

గంట నొక్కితే తలుపు మీద ఎర్ర దీపం వెలగాలి.
బల్బు మాడి పదకొండు వారాలు.
మరమ్మతు కాగితం ఉంది, సంతకంతో సహా.
బల్ల దగ్గర బజరు మోగాలి.
మోత భరించలేక ఎవరో దానికి టేపు అంటించారు.
ఎవరో, ఎప్పుడో. టేపు అంచుల నిండా దుమ్ము.
చావు వెనక పెద్ద చెయ్యేదో ఉంటుందనుకుంటారు జనం.
నాకు దొరికేవి ఇవే:
రెండంగుళాల టేపు, అరపౌను బల్బు.

వాళ్లమ్మ గ్లెనిస్ కరెంటు బిల్లు వెనక
ఆరు ప్రశ్నలు రాసుకొచ్చింది.
ఐదింటికి జవాబు చెప్పగలిగాను.
ఆరోది, "వాడికి చలేసిందా?"

నా ఫారంలో ఆ గడి లేదు.
వాతావరణ శాఖకి ఉత్తరం రాశాను.
బయట మైనస్ రెండు.
లోపల ఎంతో ఎవరూ కొలవలేదు.
ఆ మాటే, ఉన్నదున్నట్టు, ఆమెకి పంపాను.
"ఊహించి చెప్పనందుకు థాంక్స్" అని
ఒక్క వాక్యం తిరిగొచ్చింది.

ఆఖర్న, అలవాటు కొద్దీ, పాత ఫైళ్లు దింపాను.
మూడేళ్ల కిందట, అదే వరండా, ఏబెల్ ఓసే అనే మనిషి.
సిఫారసు నంబరు నాలుగు:
గంట మోగిన ఐదు నిమిషాల్లో తలుపు దగ్గరికి చేరాలి.
కింద జైలు వారి జవాబు: అంగీకరించాం, అమలు చేశాం.
దాని పక్కన ఒక టిక్కు.
నా పొట్టి సంతకం.

అప్పుడు నేనొచ్చి గంట నొక్కి చూడలేదు.
కాగితం నిద్రలో ఉందని రాసేసుకున్నాను.

నివేదికలో అదీ రాశాను.
పై అధికారి కొట్టేశాడు. మళ్లీ రాశాను.

ఏప్రిల్లో చెప్పకుండా వెళ్లాను.
పద్నాలుగులో ఇప్పుడో కొత్త కుర్రాడు,
మంచం మీద పేకముక్కలు పరుచుకుని.
"గంట నొక్కనా?" అన్నాను.
"నేను నొక్కుతా" అన్నాడు.

దీపం వెలిగింది.
ఇద్దరం మాట్లాడకుండా విన్నాం.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక గేటు. ఇంకో గేటు.
రొప్పుతూ ఒకావిడ, నన్ను దాటి, వాణ్ని చూసి,
"ఏం కావాలి?" అంది.

వాడి దగ్గర జవాబు సిద్ధంగా లేదు.
"ఏం లేదు. వస్తారో రారో అని."

మూడు నిమిషాల పది సెకన్లు.
తేదీ వేశాను.
టిక్కు మాత్రం పెట్టలేదు.