నకలు పుస్తకం

దొరవారి సముఖానికి
హార్త్‌డేల్ ఎస్టేటు గుమాస్తా నథేనియల్ రాత్‌మెల్ విన్నపాలు.
అక్టోబరు నెల సీసం నూటపన్నెండు దిమ్మలు
పొట్టిగుర్రాల మీద కొండ దాటి రేవుకు చేరింది.
రెండు గుర్రాలు వాగులో కాళ్లు విరుచుకున్నాయి.
వాటి ఖరీదు ఖర్చులో రాశాను,
తోళ్ల ఖరీదు జమలో.

ఇంతవరకే ఉత్తరం.
నకలు పుస్తకంలోనూ ఇంతే.

మిగతాది అట్ట వెనక ఖాళీలో గీసుకుంటున్నాను.
కొవ్వొత్తి దొరవారిది, సిరా దొరవారిది.
చలి ఒక్కటే నా సొంతం.

ఇవాళ బేరాల రోజు.
నలుగురేసి వచ్చారు గనివాళ్లు,
టోపీలు చేతుల్లో నలుపుకుంటూ.
"రాయి మొండిదయ్యా, తూకానికి ముప్పై షిల్లింగులన్నా..."
"ఇరవై ఆరు."
నేను ఇరవై తొమ్మిది దాకా వస్తానని వాళ్లకు తెలుసు.
వాళ్ల ఇళ్లలో ఓట్స్ పిండి శుక్రవారం దాకా రాదని నాకు తెలుసు.
ఇద్దరికీ అన్నీ తెలిసినప్పుడు
ముందు ఆకలేసినవాడు తగ్గుతాడు.
ఇరవై ఏడుకు తెగింది.

ఆల్డర్సన్ విధవరాలు టామసిన్ కూడా వచ్చింది,
కొలిమి పొగ దిగిన గడ్డి మేసి
ఆవు చచ్చిందని.
గడ్డిది తప్పు కావచ్చునన్నాను.
ఆవిడ నా బూట్ల వంక చూసింది, చాలాసేపు.

అందరూ వెళ్లాక వచ్చాడు కత్‌బర్ట్ డెంట్.
ఇరవై ఏళ్లు కొలిమి ముందు నిలబడ్డ మనిషి.
చిగుళ్ల మీద నీలిగీత.
మాట మధ్యలో కడుపు పట్టుకుని ఆగుతాడు,
నొప్పి వెళ్లిపోయాక
వదిలిన మాట దగ్గర్నించే అందుకుంటాడు.

బాకీ కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టాలి.
కలం అందించాను.
ముంజేయి లేచింది. మణికట్టు లేవలేదు.
మేకు ఊడిన గొళ్లెంలా వేలాడింది చెయ్యి.
ఎడంచేత్తో దాన్ని ఎత్తి పట్టుకుని చూశాడు,
పొరుగువాడి పనిముట్టేదో
తిరిగివ్వడం మరిచిపోయినట్టు.
"తమరే పెట్టండయ్యా."

పెట్టాను. రెండు గీతలు.
పదకొండు పౌండ్ల నాలుగు షిల్లింగులు
కొడుకు పేరుకు మారాయి.
కొడుక్కి పదేళ్లు. వాగు దగ్గర ఖనిజం కడుగుతాడు,
రోజుకు నాలుగు పెన్నీలు.
ఊరికే లెక్క వేశాను, చేతి అలవాటు:
ఆదివారాలు, మంచు రోజులు పోగా
వాడు ఏమీ తినకుండా ఉంటే
రెండేళ్ల మూణ్ణెల్లలో తీరుతుంది.

లండన్ నుంచి వచ్చిన ఉత్తరం మళ్లీ విప్పాను.
"తోటలో కొత్త బాట వేయించాము.
బాట చివర గొర్రెలకాపరి బొమ్మ ఉండాలని అమ్మగారి ముచ్చట.
మన సీసంతోనే పోయించాలి.
కుడిచెయ్యి పైకెత్తి
వచ్చేవాళ్లను పిలుస్తున్నట్టు ఉండాలి.
మెత్తని లోహం గదా, ఏళ్లు గడిస్తే చెయ్యి వాలిపోతుందేమో!
అనుభవం ఉన్నవాళ్లను విచారించి రాయవలెను."

అనుభవం ఉన్నవాడు
అప్పుడే మెట్లు దిగి వెళ్లాడు.

జవాబు రాశాను, నకలు తీశాను:
"చేతి లోపల ఇనపకడ్డీ పెట్టించవలెను.
తమ మనవలు చూసినా వాలదు."

నా జీతం ఏడాదికి అరవై పౌండ్లు,
ఇల్లు ఉచితం, బొగ్గు ఉచితం.
ఇది ఎందుకు రాశానో తెలియదు, ఎవరూ అడగలేదు.

మరొకటి ఉంది,
జమలో వెయ్యాలో ఖర్చులో వెయ్యాలో తోచనిది.
వెళ్లేముందు కత్‌బర్ట్ టోపీ కింద పడింది.
వంగాడు, చెయ్యి అందుకోలేదు.
నేను తీసి అతని తలమీద పెట్టాను.
పెళ్లాం పోయాక
మరో మనిషి తలను తాకడం ఇదే.
టోపీ కొంచెం వంకరగా కూర్చుంది.
సరిచెయ్యబోయేసరికి
"దయగల ప్రభువులు" అంటూ
తలుపు భుజంతో తోసుకుని
వానలోకి వెళ్లిపోయాడు.