గీతకి అవతల

కంపెనీ పటంలో వెలుగు
స్కాట్లండ్ దాటి బెత్తెడు వచ్చి ఆగిపోతుంది.
ఆ గీతకి జానెడు పైన, ఫారో దీవుల్లో
హైనీ ఇల్లు.

"రాదండీ" అన్నారు ఫోన్లో. మర్యాదగానే.

పాత పడవ రేకులు సాగగొట్టి
మనిషి కాళ్లు చాపుకు పడుకునేంత పళ్లెం బిగించాడు.
ఇక్కడ దాన్ని ఆకాశం వైపు ఎత్తితే లాభం లేదు;
రెండు కొండల సందులోకి తిప్పాలి,
దాదాపు పొరుగువాడి గొర్రెల కళ్లలోకి.

నవంబరంతా వేలెడు అటు, వేలెడు ఇటు.
లోపల్నుంచి బిల్‌హిల్డ్ కేక:
"లేదు... లేదు... ముఖం!
...పోయింది."

ఇప్పుడు వస్తోంది. వాన లేని సాయంత్రాల్లో.
అంటే ఏడాదికి ఓ అరవై.

లీడ్స్‌లో ఎవరో మొగుడూ పెళ్లాం
వేలంలో పాతిల్లు కొన్నారు.
వంటగది గోడ కూల్చాలా వద్దా అని వాదన.
ఇంతలో పొట్టేలొకటి సందులో నిలబడి
తీరిగ్గా నెమరు వేస్తుంది.
బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి
ఆమె నోరు తెరిచినచోటే గడ్డకట్టింది.

హైనీ లేవడు.
బిల్‌హిల్డ్ అల్లిక ఆపకుండానే అంటుంది:
"కూల్చకమ్మా.
పొయ్యి వేడిని పట్టి ఉంచేది ఆ గోడే."

వాళ్లకి వినపడదు.
వీళ్లకోసం పంపనూ లేదు.

పొట్టేలు కదిలేసరికి
గోడ లేదు.