కాకిబంగారం

కలిచేడు గని. శనివారం బట్వాడా.
పొరలు చీల్చే షెడ్డు ముందు
రేకుపెట్టె తెరుచుకుని కూర్చున్నాను.
కొత్త రూపాయి నోట్లు, ఇంకా సిరా వాసన,
కట్ట విప్పితే ఒకదాన్నొకటి వదలవు.

చెంగమ్మ వేలిముద్ర వేసింది.
నోటు తీసుకుంది. కదల్లేదు.
అబ్రకం రేకును చూసినట్టే
ఎండకెత్తి ఒక కన్ను మూసింది.
మచ్చుందా, బుడగుందా, ఎర్రచారుందా అని
ముప్పయ్యేళ్లుగా వెతుకుతున్న కన్ను.
"అబ్బయా, ఇందులో తలకాయ ఏదీ?"

రాజు లేడన్నాను.
"అయ్యో, ఎప్పుడు బొయినాడు?"
పోలేదు, బతికే ఉన్నాడు,
మన కాగితం మీంచి దిగాడంతే.

"సింహాలు మూడే ఉండాయే?"
నాలుగోది వెనక ఉంది, కనపడదు.
"మా కూలిలో పావలా మాదిరి."
వరసంతా నవ్వింది.
నేను పద్దు పుస్తకంలో తల దూర్చాను.

వెనక్కి తిప్పి చూపించాను:
ఇదిగో, తెలుగులో, ఒక రూపాయి అని.
"రాజున్నప్పుడు లేదా ఈ రాత?"
ఉంది.
"ఈడనే?"
ఈడనే.
ఇంకేదో అడగబోయింది గానీ
వెనకామె బొటనవేలికి అప్పటికే సిరా అంటింది.

ఆ తర్వాత కొన్నేళ్లు
రాజూ సింహాలూ ఒకే పెట్టెలో పడుకున్నారు.
సంతలో చేపలమ్మికి ఇద్దరూ ఒకటే,
తడిచేత్తో నడుముకు దోపుకునేది.

కొత్త పైసలొచ్చిన ఏడు,
వానాకాలం చివర, దీపాలవేళ
చెంగమ్మ మా గుమ్మంలో నిలబడింది.
రెండు అబ్రకం రేకులు, మధ్యలో నోట్లు,
చుట్టూ గోనెదారం.
చెద తినలా, చెమ్మ తగల్లా.
పదకొండు రెండ్రూపాయల నోట్లు,
అన్నిట్లోనూ రాజు నున్నగా, నిన్న గీసుకున్న గడ్డంతో.
"శెట్టి తీసుకోనంటన్నాడు."

గడువు దాటిపోయింది, చెంగమ్మా.
మద్రాసు పోయి అర్జీ పెడితే, ఏమో.
ఆ కాగితం ఇంగ్లీషులో వచ్చింది,
మా ఆఫీసు గోడకు నేనే అంటించాను.
షెడ్డులోకి వెళ్లి చదివి చెప్పలేదు.
ఈ మాట ఆమెతో అనలేదు.

ఆమె నోట్లు నా చేతిలో పెట్టింది.
రేకులు రెండూ కొంగుతో తుడిచి,
దీపానికెత్తి, ఒక కన్ను మూసి,
"ఇదైతే చెల్లుతాదిలే" అని
చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

తలుపేసి, ఒక నోటు నేనూ ఎత్తి చూశాను.
తలకాయ ఉంది లోపల,
పక్కకు తిరిగి,
నన్ను చూడకుండా.