తక్‌పట్టి వెనకవైపు

కాజీపేట రైల్వే దవాఖానల
చుక్కల పుస్తకం తెరిచి ముందర పెట్టి
"ఏమంకె కనబడుతున్నది?" అన్నరు.
"ఎవరో పెసర్లు పారబోసినట్టున్నది సార్" అన్న.
డాక్టరు నవ్వలే. ముద్ర కొట్టిండు.
ఎర్రదీపానికీ పచ్చదీపానికీ ఒక్కటే దండం పెట్టేటోడికి
రైలుబండి ఎవరిస్తరు?

అట్ల వచ్చి పడ్డ ఎనుమాముల యార్డుల.
ముప్పయ్యేండ్లు మిర్చి బస్తాల నడుమ కాంట.
అందరు రంగు చూసి ధర పాడుతరు,
నేను గుప్పెడు తీసి ముక్కుకాడ పెట్టుకుంట.
తేజాకు నాలుగు తుమ్ములు.
చపాటకు ఒక్కటన్న రాదు.
మంచుకు నాని ఆరిన కాయ
పాత గోనె లెక్క వాసనిచ్చి తప్పు తానే ఒప్పుకుంటది.

ఓ ఎండకాలం గాలిదుమారం తెల్లారి
పస్రా కాడ రోడ్డుకు అడ్డంగ మామిడికొమ్మ.
కొమ్మకు బదనిక.
చెట్టు ఇడిసినా ఆ కొమ్మను అది ఇడువలే.
సంచిల చుట్టుకొని బస్సెక్కిన.
పక్కసీటు ముసలామె అడిగింది, కూరకా మందుకా అని.
ఏం చెప్పాల్నో తెల్వక, చుట్టం అన్న.

కరీమాబాద్‌ల మా డాబా మీద
బొగ్గులు, పగిలిన గూనపెంకలు, కొబ్బరిపీచు.
దానికి మట్టి గిట్టదు.
తెల్వక సగం మట్టిల పెట్టి, ఆ సగం పోగొట్టుకున్న.
ఆకు మీద మచ్చ నాకు కనబడదు,
బొటనవేలుతోని నిమిరితె కుళ్లు మెత్తగ తగులుతది.
ఎర్రనల్లి పట్టిందా అని
పాత తెల్లబనీను ముక్కతోని తుడిచి సరోజనకు చూపిస్త.
"ఉన్నది" అంటది, లేకుంటె "లేదు" అంటది.
ఇన్నేండ్ల సంసారంల ఆమె
ఇంత తక్కువ మాట్లాడేది ఇక్కడనే.

వేళ్ల సంగతి మాత్రం ఎవ్వల్ని అడగ.
ఎండినప్పుడు వెండి,
నీళ్లు తగిలితె మబ్బు.

తర్వాత కొరియర్ల ఇంకో మూడొచ్చినయి.
ఒకటి పొద్దెక్కినంక, కోకో డబ్బా మూత తీసినట్టు.
ఒకటి పగలంత మొద్దు.
రాత్రి వీధిల కుక్కలు సల్లబడ్డంక
నిమ్మతొక్క వాసనేసుకొని మెట్లు దిగి వస్తది,
రెండో షిఫ్టుకు పోయేటోని లెక్క.
మూడోది రెండేండ్లాయె, ఆకులే.
అలిగిందో ఏమో, నేనూ బతిమాలలే.

బదనిక ఐదో ఏడు పూసింది.
పండ్లపుల్ల నోట్ల పెట్టుకొని మెట్లెక్కుతుంటె
ద్రాక్షపండ్ల బండేదో మా డాబా ఎక్కినట్టు వాసన.
సరోజన వచ్చి, ఇటుకరంగు అన్నది.
కింద కిరాయికున్న నఫీసా టీచర్
కాదమ్మా, తేనెరంగు అన్నది.
ఆమె కొడుకు, పచ్చటాకు మీద కాఫీ ఒలికినట్టున్నది అన్నడు.
పైసలడగనీకి వచ్చిన హమాలి బుచ్చిమల్లు
తాబేలు రంగు అని తీర్పు చెప్పి, అప్పు మాట మర్చిపోయిండు.
నలుగురికీ ఎనిమిది కండ్లు, నాలుగు రంగులు.
నాకు లోపల్లోపల ఎంత సంబురమో!

నాకు కనబడ్డది ఒక్కటే.
పువ్వు నడుమ చిన్న నాలుక, నీలం.
నీలం నన్నెప్పుడూ మోసం చెయ్యలే.
సిరాబుడ్డి, వానకు ముందటి గుట్ట,
కాజీపేటల నేను తొడగని డ్రెస్సు.
మిగిలిన గందరగోళమంత పక్కకు జరిపి
ఆ నాలుక నా దిక్కే సాపి ఉన్నది.
ఎక్కిరించిందో, పలకరించిందో.

జేబుల తక్‌పట్టి తీసిన.
ముందువైపు: తేజా, పదకొండు బస్తాలు, తరుగు పోను ఇంత.
వెనకవైపు రాసుకున్న:
బదనిక. ఆరు పూలు.
వాసన, తెల్లారి నాలుగున్నర నుంచి ఎండెక్కేదాక.
రంగు, అని రాసి
పక్కన జాగ ఇడిసిపెట్టిన.
సరోజనా, నఫీసా టీచరూ ఇంకా తేల్చలే.
తొందరేమున్నది,
పూలు ఇంకో పది దినాలుంటయి.