జేబు

టెగ్వెన్ చూపు మందగించాక
సూదుల్లో దారం ఎక్కించే పని నాది.
రోజుకు ముప్ఫై.
పొద్దున్నే కిటికీ తెరకు వరసగా గుచ్చి పోవాలి.
వేల్స్‌లో, ఆ లోయ చివరి ఇల్లు.
వాన పడని రోజును ఆవిడ నమ్మదు.

గోడ మీద మూసేసిన గని పటం,
లోపలి దారులన్నీ నీలి గీతలు.
"భూమికి ఇది లోపలి కుట్టు" అనేది.
దాన్ని బొంతగా చెయ్యడానికి
మూడు చలికాలాలు కూర్చుంది.

ఎరుపూ నలుపూ ఉన్ని ముక్కలు అమ్మమ్మ పెట్టెలోవి,
దర్జీ అంటించిన ధర చీటీలు ఇంకా ఊడలేదు.
నత్తగుల్ల సుడి కుట్టు ఆ లోయదే.
సన్న పరుగు కుట్టు మాత్రం
బస్టాండు పక్క కూరల హోటల్‌లో
సిల్హెట్ నుంచి వచ్చిన జహురా తల్లిది.
ఒకరి మాట ఒకరికి రాదు.
పాత చీర పొరల మీద సూది నడిపి చూపించింది:
బియ్యపు గింజంత, గింజంత, మళ్ళీ గింజంత.
టెగ్వెన్ కుట్టింది చూసి పెదవి విరిచి
మొత్తం విప్పేసి
ఆమె టీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

వీధంతా బట్టలిచ్చింది.
సమ్మెనాటి బ్యానరు అంచు, నర్సు గౌను,
ఒక బడి టై, దాని మీద సిరా మరక.
గ్లెనిస్ ఒక నీలం చొక్కా తెచ్చి బల్ల మీద పడేసింది.
"ఎమ్రిస్‌ది. పోయాడు."
పోవడంలో ఎన్ని రకాలో
మేము అడగలేదు.

ఆ చొక్కా కోసి
నీళ్ళు నిండిన అడుగు సొరంగం చేసింది.
జేబు దగ్గర కత్తెర ఆగింది.
"జేబు గుడ్డ కాదు, చోటు" అంది.
పై అంచు కుట్టకుండా వదిలేసింది.

స్వాన్సీలో ప్రదర్శన. తెల్ల గోడ. తాకరాదు.
ఒకాయన గొప్ప కూర్పు అన్నాడు,
ఒకావిడ అతుకుల బొంతేగా అంది,
రెంటికీ టెగ్వెన్ ఒకేలా తల ఊపింది.

మూడో రోజు, తడిసిన టోపీతో ఒక మనిషి
దగ్గరికొచ్చి, వెనక్కెళ్ళి, మళ్ళీ దగ్గరికొచ్చి
"అది నా చొక్కా" అన్నాడు.

పదకొండేళ్ళుగా కార్డిఫ్‌లో, ఇంకొకరింట్లో.
నవ్వాలో వద్దో తెలీక
నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.
ఆవిడ అతని భుజాలను కొలత తీసే కళ్ళతో చూసి
"కోసింది తిరిగివ్వలేను, ఎమ్రిస్.
జేబుంది. కావాలంటే చూసుకో."

కాపలా కుర్రాడు అటు తిరిగాడు, పుణ్యాత్ముడు.
రెండు వేళ్ళు దూర్చి
చాలాసేపు వెతికాడు.
అంత చిన్న జేబులో
అంతసేపు వెతకడానికి ఏముంటుంది?
తీశాడు. వట్టి వేళ్ళు.
గోటి కొనకు కాస్త నీలి నూగు.
దాన్ని దులపలేదు.

తిరుగు బస్సులో అడిగాను,
గ్లెనిస్‌కి చెప్పాలా అని.
అద్దం మీద వాన ఏటవాలుగా టాకాలు వేస్తోంది.
లోయ మలుపు దాకా పలకలేదు.
తర్వాత
"నల్ల దారం అయిపోయింది,
రేపు గుర్తు చెయ్యి" అంది.