తలసరి

మే నెల. సాల్మియాల ఒక విల్లా.
పాప గదిల ఏసీ సల్లగ వస్తలేదంటే పొయ్యిన.
నిచ్చెనేసి మూత ఇప్పిన.
ఫిల్టరు నిండ ఎడారి.

పాప పేరు లుల్వా. బోర్ల పండి
బడికి చార్టు గీస్తుంది.
దేశానికొక వరస, మనిషికొక బొమ్మ,
బొమ్మ నెత్తి మీద నల్లటి పొగ మబ్బు.
"మా దేశంల తలకు ఇంత," అన్నది,
డ్రైవరు నేర్పిన హిందీల.
"నువ్వు గూడ ఈడనే ఉంటవు కదా. ఈ బొమ్మ నువ్వే."

స్క్రూ నోట్ల పెట్టుకొని కిందికి చూసిన.
నా నెత్తి మీద గంత పెద్ద మబ్బు!

పొగ పంచేనాడు నన్ను మర్వలే,
తల లెక్కవెట్టి సమానంగ ఇచ్చిన్రు.
చమురు పైసలు పంచేనాడు
నేనే నిచ్చెన మీద ఉన్ననో.

మా దిక్కు ఒక ముచ్చట చెప్తరు:
వాగు సగటున మోకాలిబంటే అని
లెక్కగట్టి పిల్లలను దింపిండట ఒక కరణం.
లెక్క తప్పలే.
పిల్లలే దొర్కలే.

మరి నా పొగ?
మహబూలాల ఎనిమిది మందికి ఒక కిటికీ ఏసీ,
అది గూడ దగ్గుకుంట.
శుక్రారం కోడి.
కంపెనీ బస్సుల భుజానికి భుజం.
రెండేండ్లకొక్కసారి విమానం,
గదొక్కటి ఒప్పుకుంట, గది నాదే.

"మీ రూముల ఏసీలెన్ని?" అడిగింది లుల్వా.
చెప్పిన.
పరాచికమేమో అని నా మొఖం చూసింది.
తమ ఇంట్లయి వేళ్ల మీద లెక్కవెట్టుకున్నది.
ఎవ్వరు పండని గదులు, కార్ల షెడ్డు,
ఎండకాలమంత లండన్ల ఉండే అన్న గది,
పిల్లి గది.
వేళ్లు అయిపొయ్యి నా వేళ్లడిగింది.

రబ్బరు తీసి నా మబ్బు తుడిచింది.
సగమైంది. ఇంకా తుడిచింది.
ఆగి అన్నది:
"టోటల్ మారితే టీచర్ తిడుతది.
ఈ తుడిచింది ఎవరి మీద పెట్టాలె?"

నాకెందుకు చెప్పొస్తది.
గ్యాసు నింపుడు నా పని.
నింపి, మిద్దెక్కిన.

గదిల తీసిన వేడి ఎటూ పోదు.
పైపు ఎంబడి పైకొచ్చి
డబ్బా నోట్లకెల్లి బుస కొడ్తది.
ఇరవై రెండు డబ్బాలు వరసగ,
అన్నిటి మొఖం నా దిక్కే.
గేజీల ముల్లు పచ్చ మీద నిలిచింది.

కిందికెల్లి రాయచోటి నాగరత్తమ్మ కేకేసింది:
"సాలు సామీ, తగ్గించు!
పాపకు సలేస్తాండాదంట,
దుప్పటి అడగతాండాది."